ఇంగ్లీషు జంట పదాలు చెక్‌లో, స్లోవాక్‌లో: ఆరు నెలల నోటుబుక్కు

చెక్ దేశంలోని బ్ర్నోకి వచ్చి రెండేళ్లు దాటింది. ఆఫీసులో ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది కాబట్టి మొదటి ఏడాదంతా నాకొచ్చిన చెక్ మాటలు పది దాటలేదు. మా టీములో నలుగురు చెక్‌లు, ముగ్గురు స్లోవాక్‌లు. వీళ్లు చెక్‌లో అడుగుతారు, వాళ్లు స్లోవాక్‌లో జవాబు చెబుతారు, ఎవరూ ఎక్కడా తడుముకోరు. 1993 జనవరి 1న చెకోస్లోవాకియా అనే ఒక దేశం రెండయినా, ఈ మాట్లాడుకునే తీరు అలాగే ఉంది. రోజూ మధ్యాహ్నం వాళ్ల మధ్య కూర్చుని భోంచేస్తూ, రెండు భాషలూ పక్కపక్కన పెట్టుకుని నేర్చుకోవాలని గట్టిగా అనిపించింది. ఏప్రిల్‌లో మొదలుపెట్టా. ఇప్పుడు సెప్టెంబర్.

ఏప్రిల్

రెండొందల పేజీల గళ్ల నోటుబుక్కు ఒకటి కొన్నా. పేజీకి నాలుగు నిలువు గడులు: ఇంగ్లీషు, చెక్, స్లోవాక్, తెలుగు. విడివిడి పదాలు కాకుండా, ఇంగ్లీషులో దగ్గర దగ్గరగా ఉండి తికమక పెట్టే జంటల్నే తీసుకోవాలన్నది నియమం. లెండ్‌కీ బారోకీ తేడా, హియర్‌కీ లిజన్‌కీ తేడా, అలాంటివి. రోజుకి ఇరవై ఐదు నిమిషాలు, ట్రామ్‌లో వెళ్తూ పది, రాత్రి పదిహేను. ఈ ఊరివాళ్లు ట్రామ్‌ని షలిన అంటారు. ప్రాగ్‌లో ఆ మాట వినబడదు, అక్కడ త్రమ్వయ్. స్లోవాకియాలోని బ్రాటిస్లావాలో ఎలెక్త్రిచ్క. ఒక్క బండికి మూడు పేర్లతో మొదటి పేజీ నిండింది.

ఉచ్చారణ తెలుగులోనే రాసుకుంటున్నా. ఇది నాకు బాగా పనికొచ్చింది. చెక్‌లోనూ స్లోవాక్‌లోనూ హ్రస్వం, దీర్ఘం మనకున్నంత కచ్చితంగా ఉన్నాయి, దీర్ఘం మారితే మాట మారిపోతుంది. అందుకని గుణింతం ఉన్న లిపిలో రాసుకుంటే చెవికి పట్టుకున్నది కాగితం మీద జారిపోదు. ‘అందమైన’ అనే మాటకి చెక్‌లో క్రాస్నీ, స్లోవాక్‌లో క్రాస్ని. స్లోవాక్‌లో ఒక దీర్ఘం తర్వాత వెంటనే ఇంకో దీర్ఘం మామూలుగా రానివ్వరు, దానికి లయ నియమం అని పేరు. పని అనే మాటకి చెక్‌లో ప్రాౘె, స్లోవాక్‌లో ప్రాౘ. మన ‘చలి’లో, ‘చాప’లో పలికే దంత్య ౘ ఉంది చూడండి, సరిగ్గా అదే. కాకపోతే మనకది ఎకారం ముందు అలవాటు లేదు, ప్రాౘె అనేటప్పుడు నాలుక ‘చె’ వైపు లాగేస్తుంది. వారం రోజులు దీని మీదే కూర్చున్నా. స్లోవాక్‌లో దంత్య ౙ కూడా ఉంది: ‘మధ్య’ అనడానికి మెౙి. స్లోవాక్ క్రియల చివర వచ్చే మెత్తటి త కోసం ‘త్య్’ అని రాసుకుంటున్నా. ఇక ర, ఇంగ్లీషు ‘మెజర్’ మధ్యలోని శబ్దం రెండూ ఒక్కసారే పలికే అక్షరం ఒకటి చెక్‌లో ఉంది, స్లోవాక్‌లో లేదు. దానికి మన బండి ఱని కేటాయించుకున్నా.

మే

లెండ్, బారో పేజీ దగ్గర ఆగిపోయా. నిఘంటువులో రెండింటికీ ఒకే మాట కనబడుతుంది: చెక్‌లో పూయ్‌చిత్, స్లోవాక్‌లో పొజిచత్య్. తేడా అంతా పక్కన వచ్చే బుల్లి మాట ‘సి’లో ఉంది. పూయ్‌చిత్ అంటే ఇవ్వడం, పూయ్‌చిత్ సి అంటే తీసుకోవడం. రెంట్ అనే ఇంగ్లీషు మాట ఇల్లుగలవాళ్లకీ అద్దెకున్నవాళ్లకీ ఒకటే కదా, చెక్‌లో ప్రొనయ్‌మౌత్ అంటే అద్దెకివ్వడం, ప్రొనయ్‌మౌత్ సి అంటే అద్దెకు తీసుకోవడం.

అప్పటికి తెలుగు గడిని మొక్కుబడిగా నింపుతున్నా. ఆ రోజు టీచ్, లర్న్ జంట రాస్తూ చెక్ గడిలో ‘ఉచిత్’, ‘ఉచిత్ సె’ అని, స్లోవాక్ గడిలో ‘ఉచిత్య్’, ‘ఉచిత్య్ స’ అని రాశా. తెలుగు గడిలో ‘నేర్పు’, ‘నేర్చుకో’ అని రాసి పెన్ను పక్కన పెట్టేశా. ఇంగ్లీషులో రెండు వేరే మాటలు. మిగతా మూడింట్లో మాట ఒకటే, తోక వేరు. మన వ్యాకరణంలో ఆత్మార్థకం అనే ‘కొను’ చేసే పనినే అక్కడ సి, సె, స చేస్తున్నాయి.

ఆ రాత్రి నోటుబుక్కు మొదటి నుంచి మళ్లీ తిరగేశా. కూర్చో: చెక్‌లో సెద్నౌత్ సి, స్లోవాక్‌లో సద్నూత్య్ సి. పడుకో: లెహ్నౌత్ సి, ల్యహ్నూత్య్ సి. కొనుక్కో: కౌపిత్ సి, కూపిత్య్ సి. చేతులు కడుక్కో: ఉమీత్ సి రుౘె, ఉమిత్య్ సి రుకి. అనుకో: మిస్లెత్ సి, మిస్లియెత్య్ సి. పెళ్లి చేసుకో అన్నదానికి ‘తీసుకో’ అనే వ్జీత్ సినే వాడతారు. కలుసుకో, కొట్టుకో లాంటి పరస్పరం చేసుకునే పనులకి చెక్‌లో సె, స్లోవాక్‌లో స. ఇంగ్లీషు గుండా వెళ్తే ఒక్కొక్కటీ బట్టీ పట్టాల్సిందే. తెలుగు గుండా వెళ్తే సగం దారి ముందే తెలిసినదే. ఆ వారమే కొత్త పేజీల్లో గడుల వరస మార్చేశా. ఇప్పుడు తెలుగు గడి ముందు, ఇంగ్లీషు చివర.

రెండు జాగ్రత్తలు మాత్రం రాసిపెట్టుకున్నా. ఒకటి, మన ‘కో’ క్రియని అంటిపెట్టుకుని ఉంటుంది, వాళ్ల సి వాక్యంలో రెండో స్థానానికి వెళ్లి కూర్చుంటుంది. ‘నిన్న సైకిలు అడిగి తెచ్చుకున్నా’ అనడానికి చెక్‌లో ఫ్చెర సెమ్ సి పూయ్‌చిల కొలొ, స్లోవాక్‌లో ఫ్చెర సొమ్ సి పొజిచల బిౘికెల్. ఆడవాళ్లం కాబట్టి చివర ల, మగవాళ్లయితే పూయ్‌చిల్, పొజిచల్. రెండు, అన్నిచోట్లా కుదరదు. నవ్వడానికి స్మాత్ సె, భయపడటానికి బాత్ సె అంటారు, మనకి అక్కడ కో లేదు. అలాంటివాటికి ఎర్ర పెన్ను వాడుతున్నా, ఇప్పటికి ముప్ఫై ఒకటి అయ్యాయి.

జూన్

‘నో’ (తెలియడం) అనే ఇంగ్లీషు మాటకి పూర్తి పేజీ పట్టింది. సంగతి తెలిస్తే చెక్‌లో వ్యెద్యెత్, మనిషి తెలిస్తే జ్నాత్, విద్య వస్తే ఉమ్న్యెత్. స్లోవాక్‌లో మనిషికి పొజ్నత్య్, సంగతికీ విద్యకీ కూడా వెద్యెత్య్. ‘నాకు ఈత వచ్చు’ని చెక్‌లో ఉమీమ్ ప్లవత్ అంటారు, స్లోవాక్‌లో వియెమ్ ప్లావత్య్. మనం ‘ఈత తెలుసు’ అనం, ‘ఈత వచ్చు’ అంటాం కదా, చెక్‌వాళ్లూ అంతే. వ్యెద్యెత్‌కీ మన వేదానికీ మూలధాతువు ఒకటే, జ్నాత్‌కీ జ్ఞానానికీ ఒకటే. తోడేలుని రెండు భాషల్లోనూ వ్ల్క్ అంటారు, అది సంస్కృతంలో వృకం. చిన్నప్పుడు భారతంలో విన్న వృకోదరుడు బ్ర్నోలో ట్రామ్ ఎక్కి పక్కన కూర్చున్నట్టు అనిపించింది ఆ రోజు.

రిమెంబర్ కూడా అలాంటిదే. గుర్తుండటానికి చెక్‌లో పమతొవత్ సి, గుర్తురావడానికి ఫ్స్‌పొమెనౌత్ సి, గుర్తుచేయడానికి ప్ఱిపొమెనౌత్. స్లోవాక్‌లో వరసగా పమెతత్య్ సి, స్పొమెనూత్య్ సి, ప్రిపొమెనూత్య్. ఉండటం, రావడం, చేయడం అని మనం విడదీసినట్టే వాళ్లూ విడదీశారు. ఈ పేజీ పది నిమిషాల్లో అయిపోయింది.

జులై

ఒక శనివారం బ్రాటిస్లావా వెళ్లా, రైల్లో గంటన్నర. అక్కడ కొట్లో ‘హొర్కా’ అని రాసి ఉన్న చాక్లెట్ చూసి, పాలలో కరిగించుకుని వేడిగా తాగేదనుకుని రెండు తెచ్చా. చెక్‌లో హొర్కీ అంటే వేడి కాబట్టి. ఇంటికొచ్చి నోట్లో వేసుకుంటే చేదు. స్లోవాక్‌లో హొర్కీ అంటేనే చేదు, వేడికి హొరూౘి. చెక్‌లో చేదుకి బండి ఱతో హొఱ్కీ. ఇంగ్లీషు హాట్ మనకి వేడీ కావచ్చు, కారమూ కావచ్చు. కారానికి చెక్‌లో పాలివీ, స్లోవాక్‌లో ష్త్యిప్ల్యవీ. ఈ మూడింటికీ కలిపి ఒక పేజీ గీశా.

ఇలా పైకి ఒకటిగా కనబడి లోపల వేరయ్యే చెక్, స్లోవాక్ మాటలకి నోటుబుక్కు వెనక నుంచి పేజీలు తిప్పి రాస్తున్నా. ఖుదీ అంటే చెక్‌లో పేదవాడు, స్లోవాక్‌లో బక్కపల్చటివాడు. స్తావ్క అంటే చెక్‌లో సమ్మె, స్లోవాక్‌లో పందెం. పివ్నిౘె అంటే చెక్‌లో బీరు తాగే చోటు, స్లోవాక్ పివ్నిౘ మాత్రం ఇంటి కింది నేలమాళిగ. కపుస్త స్లోవాక్‌లో మామూలు క్యాబేజీ, చెక్‌లో ముడతల ఆకుల రకం. క్యాబేజీ కావాలంటే చెక్‌లో జెలీ అనాలి. ఈ జాబితాలో మాటలు తప్పకుండా చేత్తోనే రాయాలి, ఫోన్‌లో కొట్టుకుంటే నిలబడటం లేదు.

ఆగస్టు

తెలుగు అడ్డం తిరిగిన నెల ఇది. మనకి ప్రశ్న అడగడం, సెలవు అడగడం ఒకటే. చెక్‌లో ప్రశ్నకి జెప్తత్ సె, కావాలని కోరడానికి పొజాదత్. స్లోవాక్‌లో స్పీతత్య్ స, పొజియదత్య్. మా పై అధికారితో సెలవు గురించి జెప్తత్ సె వాడి మాట్లాడా. ఆయన ఓపిగ్గా నాకింకా ఎన్ని రోజులు మిగిలాయో లెక్క చెప్పి, మంచిదని వెళ్లిపోయాడు. నేను మంజూరైందనుకున్నా. కాలేదని మూడు రోజుల తర్వాత తేలింది. ఇంగ్లీషు ఆస్క్ కూడా ఇక్కడ మనలాగే రెండర్థాలదే, అందుకే ఎవరూ నన్ను హెచ్చరించలేకపోయారు. ఈ జంటకి కార్డులు ఆరు చేశా.

కార్డుల సంగతి. అంకి అనే, కార్డులతో గుర్తుపెట్టుకునే యాప్‌లో మొదట్లో ఒక పక్క ఇంగ్లీషు పదం, రెండో పక్క చెక్ పదం పెట్టా. రెండు నెలలు చూసి తీసేశా, జంట పదాలకి అది పనికిరాదు. ఇప్పుడు ముందు పక్క తెలుగు వాక్యం, వెనక పక్క రెండు వాక్యాలు. ‘సైకిలు వాడికిచ్చా’ ఒక కార్డు, ‘సైకిలు వాడి దగ్గర తెచ్చుకున్నా’ ఇంకో కార్డు. రోజుకి కొత్తవి నాలుగే. రూపాలు సరిచూసుకోవడానికి చెక్ భాషా సంస్థవాళ్ల ఇంటర్నెట్ భాషా కరదీపిక, స్లోవాక్‌కి ల్యుదొవీత్ ష్తూర్ భాషాశాస్త్ర సంస్థవాళ్ల నిఘంటువుల పేజీ. రెండూ ఉచితమే. ష్తూర్, ఆయన మిత్రులు 1843లో కూర్చుని స్లోవాక్ రాతకి ఒక ప్రమాణం కట్టారు, ఆ పేరు మీదే సంస్థ.

సెప్టెంబర్

జంటలు అరవై నాలుగయ్యాయి. హియర్, లిజన్ ఇన్నాళ్లూ వాయిదా వేశా. రెండూ ‘వినడమే’ అనుకోవడం నా పొరపాటు. వినబడటానికి చెక్‌లో స్లిషెత్, స్లోవాక్‌లో పొచుత్య్. చెవి పెట్టి వినడానికి పొస్లౌఖత్, పొచూవత్య్. కనబడు, చూడు కూడా అదే దారి: చెక్‌లో విద్యెత్, ద్యీవత్ సె, స్లోవాక్‌లో విద్యెత్య్, పొజెరత్య్ స. షేడ్, షాడో మాత్రం ఇంగ్లీషుకే రెండు. చెక్‌లో స్త్యీన్, స్లోవాక్‌లో త్యెన్య్, మనకి నీడ.

నిన్న టీము కాల్‌లో లైను సరిగ్గా లేదు. కోషిత్సె నుంచి మాట్లాడుతున్న స్లోవాక్ సహోద్యోగి ‘పొచుయెతె మ?’ అంది. అందరికంటే ముందు నేనే ‘పొచుయెమె’ అన్నా, వినబడుతోంది అని. మనసులో ఇంగ్లీషు రాలేదు. తర్వాత పేజీకి గో జంట రాసి పెట్టుకున్నా: చెక్‌లో నడిచి వెళ్తే యీత్, బండి మీద వెళ్తే యెత్, స్లోవాక్‌లో రెండింటికీ ఈస్త్య్. అది వచ్చే వారం.