ఎమో: నలుగురిలో చెప్పుకునే దిగులు

ఎమో అనే మాట వినగానే చాలామందికి ముందుగా గుర్తుకు వచ్చేది ఒక వేషం: ఒక కంటి మీదికి వాలిన జుట్టు, నల్ల చొక్కా, కాళ్లకు అంటుకుపోయిన ప్యాంటు, మగపిల్లల కళ్లకు కూడా కాటుక. ఆ వేషం 2000 తర్వాత కొన్నేళ్లపాటు నడిచిన ఫ్యాషన్. ఎమో అనే సంగీతం, రాక్‌లో ఒక శాఖ, దానికంటే పదిహేనేళ్లు పెద్దది, ఫ్యాషన్ పోయాక కూడా బతికి ఉన్నది. అనంతపురంలో గంటకు ఇంత అని డబ్బులు కట్టి కూర్చునే నెట్ సెంటర్ల కాలం నుంచి ఈ పాటలు వింటున్నవాడిగా నేను గట్టిగా నమ్మే సంగతి ఒకటి ఉంది. ఒక కుర్రవాడు తన దిగులును తనదిగానే, గొంతు వణికినా దాచుకోకుండా, నలుగురి ఎదుట పాడటం, ఆ నలుగురూ దాన్ని అందుకొని తమ గొంతుతో పాడటం, ఈ రెండూ కలిసిన చోటే ఎమో ఉంది. జుట్టూ కాటుకా ఆ తర్వాతి మాట.

1980ల మొదట్లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో హార్డ్‌కోర్ పంక్ పుంజుకుంది. పాటలు చాలా చిన్నవి, వేగం విపరీతం, గిటార్లు చెవులు చిల్లులు పడేలా మోగేవి, పాడేవాడి కోపమంతా బయటి లోకం మీదనే. ఇయాన్ మెకే, జెఫ్ నెల్సన్ అనే ఇద్దరు కుర్రవాళ్లు 1980లో డిస్కార్డ్ రికార్డ్స్ అనే చిన్న సంస్థను పెట్టి, తమ ఊరి బ్యాండ్ల రికార్డులను తామే విడుదల చేసుకోవడం మొదలుపెట్టారు. కొన్నేళ్లకే ఆ కచేరీల్లో పాటకన్నా కొట్లాట ఎక్కువైంది. దానితో విసిగిపోయిన కొందరు కొత్త బ్యాండ్లు కట్టి, 1985 వేసవికి రివల్యూషన్ సమ్మర్ అని పేరు పెట్టుకున్నారు. వాటిలో మొదట చెప్పుకోవలసింది రైట్స్ ఆఫ్ స్ప్రింగ్. 1984లో మొదలై 1986లో విడిపోయిన ఈ బ్యాండు 1985లో తెచ్చిన ఏకైక పూర్తి ఆల్బంను మెకే దగ్గరుండి రికార్డు చేయించాడు. వేగం పాతదే, మోత పాతదే, కానీ గయ్ పిచోటో పాడే మాటలు మారిపోయాయి: చేజారిపోయిన కాలం, తెగిపోయిన స్నేహం, తన మీద తనకే నిలవని నమ్మకం. అరుస్తూ అరుస్తూ ఒక్కోచోట అతని గొంతు విరిగిపోతుంది, ఆ విరుపు రికార్డులో అలాగే ఉంది. హార్డ్‌కోర్‌లో అరుపు అంతవరకూ బలానికి గుర్తు. ఇతని అరుపులో బలహీనత వినిపించింది.

పత్రికలు ఈ కొత్త ధోరణికి ఎమోకోర్ (ఎమోషనల్ హార్డ్‌కోర్) అని పేరు పెడితే, అప్పటికి ఎంబ్రేస్ అనే బ్యాండులో పాడుతున్న మెకే వేదిక మీది నుంచే ఆ పేరును తీసిపారేశాడు. ఇరవై ఏళ్ల తర్వాత మై కెమికల్ రొమాన్స్ అనే బ్యాండు గాయకుడు జెరార్డ్ వే కూడా ఆ పేరు తమకు వద్దనే అన్నాడు. పాడినవాళ్లు కాదన్న పేరును విన్నవాళ్లు వదలకుండా పట్టుకున్నారు. ఎమో అనే గుర్తింపును తయారుచేసింది శ్రోతలేనని నేను అనడానికి ఇంతకన్నా ఆధారం అక్కర్లేదు. ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సొంత బాధ పాడుకునేవాళ్లకు లోకం పట్టదనే నింద ఈ సంగీతం మీద ఎప్పటినుంచో ఉంది. అదే 1985 వేసవిలో ఆ వాషింగ్టన్ పిల్లలే దక్షిణాఫ్రికా రాయబార కార్యాలయం ముందు చేతికందిన వస్తువుల మీద వాయిస్తూ వర్ణవివక్షకు వ్యతిరేకంగా నిరసన తెలిపారు.

1990లలో ఈ సంగీతం రాజధాని దాటింది. సియాటిల్ బ్యాండు సన్నీ డే రియల్ ఎస్టేట్ 1994లో తెచ్చిన మొదటి ఆల్బంలో మెల్లగా మొదలై ఒక్కసారిగా ఉప్పొంగే పద్ధతి స్థిరపడింది. ఆ తర్వాత ఇల్లినాయ్ రాష్ట్రం చుట్టుపక్కల పుట్టిన శాఖ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. అక్కడి అర్బానా ఊళ్లో విద్యార్థులుగా ఉన్న ముగ్గురు కలిసి అమెరికన్ ఫుట్‌బాల్ అనే బ్యాండు కట్టి, 1999లో ఒక ఆల్బం తెచ్చి, మరుసటి ఏడే విడిపోయారు. అందులో అరుపులు లేవు. మామూలు శ్రుతి వదిలి వేరే విధంగా బిగించుకున్న రెండు గిటార్ల తీగలను విడివిడిగా మీటుతారు, మధ్యలో ఒక ట్రంపెట్ వచ్చి వెళ్తుంది, తాళం చాలా చోట్ల నాలుగు దెబ్బల లెక్కకు లొంగదు. ఖండచాపు, మిశ్రచాపు తాళాలు విన్న చెవులు మనవి కాబట్టి ఆ లెక్క మనకు కొత్తగా తోచదు. పోయిన ఏడాది మా అక్క కొడుకు కర్నూలు బస్సు కోసం అనంతపురం బస్టాండులో కూర్చున్నప్పుడు వాడి ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో పెట్టాడు. వచ్చింది ఆ ఆల్బమే. "మామా, రెండు గిటార్లు ఒకదాని మాట ఒకటి వినకుండా మాట్లాడుకుంటాండాయి గదా, కడాకు ఎట్ల కలుస్తాయో సూడు" అన్నాడు. ఇంటర్ రెండో సంవత్సరం చదివే పిల్లవాడు, ఎవరూ నేర్పకుండా, ఆ సంగీతపు కీలకాన్ని పట్టుకున్నాడు. ఆ రెండు గిటార్లు కలిసే చోటనే మైక్ కిన్సెల్లా సన్నని గొంతు మొదలవుతుంది. ఆ ఆల్బం అట్ట మీద ఉన్న అర్బానా ఇంటిని చూడటానికి అభిమానులు ఇన్నేళ్లూ వెళ్తూనే ఉన్నారు. 2023లో, అప్పటికి మళ్లీ కలిసిన ఆ బ్యాండూ దాని రికార్డు సంస్థా మరికొందరూ కలిసి ఆ ఇంటిని కొన్నారు.

2001 తర్వాత జరిగింది చాలామందికి తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. జిమ్మీ ఈట్ వరల్డ్ బ్యాండు రేడియోలకు ఎక్కింది, న్యూజెర్సీ నుంచి మై కెమికల్ రొమాన్స్, చికాగో పక్కనుంచి ఫాల్ ఔట్ బాయ్, టెనెసీ నుంచి పారామోర్ వచ్చాయి, అప్పటి సోషల్ మీడియా సైటు మైస్పేస్‌లో ఫొటోలు పెట్టుకునే పిల్లల ద్వారా ఆ వేషం దేశాలు దాటింది. అయితే ఆ కాలంలో నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది 2002లో డ్యాష్‌బోర్డ్ కన్ఫెషనల్ అనే బ్యాండు ఎంటీవీ కోసం చేసిన కచేరీ. దాని గాయకుడు క్రిస్ కరాబా గిటారు పట్టుకొని తన ప్రేమ చెడిన వైనం పాడుతుంటే, ఎదుట ఉన్న కుర్రకారు ప్రతి మాటా అందుకుంటారు. కొన్ని చోట్ల ఎవరి గొంతు ఎవరిదో తెలియదు, కొన్ని చోట్ల అతను ఆగిపోయి వాళ్లకే వదిలేస్తాడు. ఒక మనిషి గదిలో కూర్చొని రాసుకున్న సొంత గొడవ అంతమందికి కంఠతా వచ్చి ఉండటం ఎమో అంటే ఏమిటో పూర్తిగా చెబుతుంది.

మన రాయలసీమలో బాధను పాడుకోవడం కొత్త కాదు. చావు జరిగిన ఇంట ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకొని రాగం తీసి ఏడుస్తారు. పోయిన మనిషి మంచితనంతో మొదలైన ఆ శోకంలోకి కాసేపటికి తమ పుట్టిల్లు, తమ అప్పులు, తమ మొగుడు పెట్టిన కష్టాలు కూడా వస్తాయి, చుట్టూ ఉన్నవాళ్లు అడ్డుచెప్పరు. మగవాళ్లకు అటువంటి చోటు పీర్ల పండుగ. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీరు దగ్గరికి మొహర్రం రోజుల్లో హిందువులూ ముస్లింలూ వేలల్లో చేరతారు. మన పల్లెల్లో గుండం చుట్టూ తిరుగుతూ హసన్ హుసేన్‌ల కథను తెలుగులో పాడతారు. అక్కడ మగవాడు నలుగురిలో కళ్లనీళ్లు పెట్టుకోవచ్చు, కానీ ఆ దుఃఖం 680లో కర్బలా యుద్ధంలో హుసేన్ చనిపోయిన దాని పేరు మీద, తన పేరు మీద కాదు. పదిహేడేళ్ల పిల్లవాడికి, ర్యాంకు రాదనే భయం, నాన్నతో మాట పెగలకపోవడం, ఊరు విడిచి హాస్టల్‌కు వచ్చిన దిగులు, వీటిని తనవిగా పాడుకునే చోటు మాత్రం లేదు. ఆటోల్లోనూ యూట్యూబ్‌లోనూ మోగే లవ్ ఫెయిల్యూర్ పాటలు ఒక్కటే వాడికి దొరికేవి. వాటిలో కష్టమంతా ఒక్క అమ్మాయి వల్లనే వచ్చినట్టు ఉంటుంది. వాడికి ఉన్న కష్టాల్లో అది ఒకటి కావచ్చు, అసలు లేకపోవచ్చు కూడా.

ఈ లోపం ఎమోలో లేదని మాత్రం నేను చెప్పను. 2003లో జెస్సికా హాపర్ అనే విమర్శకురాలు పంక్ ప్లానెట్ పత్రికలో రాసిన వ్యాసం నేటికీ చదవదగినది. ఈ పాటల్లో అబ్బాయి వేదన తప్ప అమ్మాయికి పేరు గానీ మాట గానీ లేవని, ఆమె నింద మోయడానికే ఉందని ఆమె సూటిగా రాసింది. ఆ మాట నిజం. ఆ తరం బ్యాండ్లలో చాలావాటిని ఇప్పుడు వింటుంటే మన లవ్ ఫెయిల్యూర్ పాటలు ఇంగ్లిష్‌లో వింటున్నట్టే ఉంటుంది. గాయని హేలీ విలియమ్స్ పారామోర్‌తో ముందుకు రావడం వల్ల కొంత మారింది. తమకు పేరు తెచ్చిన పాటలోనే మరో అమ్మాయిని కించపరిచే మాట ఉన్నందుకు ఆ బ్యాండు 2018లో దాన్ని కొంతకాలం పాడటం మానుకొంది. తన పాటను తానే నిలదీసుకున్న ఆ పనిని నేను గౌరవిస్తాను.

ఎమో పిల్లల మీద వచ్చిన కోపం ఈ విమర్శ లాంటిది కాదు. 2008 మార్చిలో మెక్సికోలోని కెరెతారో నగరంలో గుంపులుగా వచ్చి ఎమో పిల్లలను కొట్టారు. అదే ఏడు బ్రిటన్‌లో ఒక బాలిక మరణాన్ని పత్రికలు మై కెమికల్ రొమాన్స్‌కు అంటగట్టాయి. బ్యాండు తాము హింసకూ ఆత్మహత్యకూ వ్యతిరేకమని ప్రకటించింది, అభిమానులు మే నెలాఖరున లండన్‌లో ఒక పత్రిక కార్యాలయం ముందు నిలబడి నిరసన తెలిపారు. 2012లో బాగ్దాద్‌లో ఎమో అన్న ముద్ర పడిన యువకులను చంపేశారు. వాళ్ల జుట్టూ బట్టలూ మగతనానికి మచ్చ అని చంపినవాళ్ల వాదన. ఇంత దూరం రాకపోయినా ఆ మాటకు మన దగ్గర కూడా చోటుంది. మా అక్క కొడుకు నుదుటి మీదికి పెంచుకున్న జుట్టును వాడి హాస్టల్‌లో అందరి ముందు కత్తిరించి, "ఆడపిల్లవా" అని అడిగారట. వాడు ఇంటికి వచ్చి రెండు రోజులు టోపీ తీయలేదు. వాడు ఏం వింటున్నాడో, ఎందుకు వింటున్నాడో అక్కడ ఎవరూ అడగలేదు. నేను అడిగితే, "ఏడుస్తా పాడతాండారు మామా, ఐనా వింటే నాకు తేలిగ్గా ఉంటాది" అన్నాడు. దిగులు పాట విన్నవాడు దిగులులో మునిగిపోతాడని భయపడే పెద్దలు ఆ మాటను ఒకసారి ఆలకించాలని నా కోరిక.

ఇప్పుడు ఈ సంగీతం మళ్లీ నడుస్తోంది. 2022 అక్టోబరులో లాస్ వేగస్‌లో ఆ తరం బ్యాండ్లలో చాలావాటితో పెద్ద ఉత్సవం జరిగింది, లిల్ పీప్ అనే ర్యాపర్ లాంటివాళ్లు ఈ గిటార్లను ర్యాప్‌లోకి తెచ్చారు, 2017లో అతను చనిపోయాక కూడా ఆ దారి ఆగలేదు. తెలుగులో ఇది రావడానికి భాష అడ్డు కాదు. శోకం తీసే మన ఆడవాళ్ల పలుకుబడిలో కావలసినంత ఉంది. అడ్డు చోటు లేకపోవడమే. వాషింగ్టన్ పిల్లలు చర్చి నేలమాళిగల్లో, కమ్యూనిటీ హాళ్లలో, ఏ వయసువాళ్లైనా రాగలిగే కచేరీలు పెట్టుకున్నారు. తర్వాత పిచోటో చేరిన ఫ్యుగాజీ బ్యాండు టికెట్టును ఐదు డాలర్ల దగ్గరే ఉంచడానికి పట్టుబట్టేది. అనంతపురంలో, కడపలో, కర్నూలులో కల్యాణ మండపాలకు కొదవ లేదు, ఒక డ్రమ్ సెట్టు, రెండు ఆంప్లిఫయర్లు పెట్టుకొని పదిహేడేళ్ల పిల్లలు సాయంత్రం మూడు గంటలు వాయించుకోగల గది మాత్రం నేను ఎరిగి లేదు. బెంగళూరు పోతే దొరుకుతుందంటారు, పోగలిగినవాళ్లు ఎందరు? మా అక్క కొడుకూ వాడి స్నేహితులిద్దరూ ఒక పాత గిటారు కొన్నారు. సెలవుల్లో మా మిద్దె మీది గది వాళ్లకు ఇస్తానని చెప్పాను. పక్కింటివాళ్లతో మాట్లాడి, రాత్రి ఎనిమిది దాకా మోత ఉన్నా సర్దుకుంటామని ఒప్పించాను. డ్రమ్ సెట్టు కోసం చూస్తున్నాము. మన ఊళ్లలో ఎవరి దగ్గరైనా వాడకుండా పడి ఉంటే చెప్పండి.