కోవిడ్‌లో ఎస్‌జీపీటీ 212 వచ్చినందుకు నన్ను తాగుబోతు అని రాశారు

ఇన్సూరెన్స్ క్లెయిమ్ డబ్బులు నిన్న సాయంత్రం పడ్డాయి. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

2021 మేలో కోవిడ్. ఆక్సిజన్ 91కి పడిపోతే విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరు రోజులున్నాను, తగ్గింది. వైద్యం విషయంలో ఎవరినీ ఏమీ అనను.

మూడో రోజు రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 212 వచ్చింది. మామూలుగా 40 లోపు ఉండాలి. రౌండ్స్‌కి వచ్చిన డ్యూటీ డాక్టర్ కాగితంలోంచి తలెత్తకుండా "మందు రోజూనా?" అన్నాడు. జ్వరం మాత్ర గురించి అనుకుని, మాస్క్ లోంచే "రోజూ అండీ, మూడు పూటలా" అన్నాను. రాసేసుకున్నాడు. పక్క బెడ్ ఆయన నవ్వితే గానీ నాకు వెలగలేదు. కాదండీ, డోలో సంగతి చెప్పాను, నేను చుక్క ముట్టను అని బతిమాలితే "అందరూ అదే అంటారు" అని ముందుకెళ్లిపోయాడు. మా నాన్న తాగుడుతోనే పోయాడు. నలభై ఆరేళ్లు వచ్చాయి, పెళ్లిళ్లలో కూడా గ్లాసు పట్టుకోని మనిషిని నేను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

డిశ్చార్జ్ సమ్మరీలో అదే మాట ఎక్కింది. మద్యం వల్ల వచ్చిన జబ్బని ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ కొట్టేశారు. దిద్దించడానికి రికార్డుల గదికి నాలుగుసార్లు తిరిగాను. ఒకసారి భోజనం టైమ్, ఒకసారి సంతకం పెట్టేవాళ్లు లేరు. డాక్టర్ అడగడం తప్పు కాదు, అడగాల్సిందే. రోగి చెప్పింది వినకుండా రాయడం మాత్రం అన్యాయం.

చివరికి అక్కడి లివర్ డాక్టర్ గారు రిపోర్టులన్నీ ముందేసుకుని చూశారు. తాగేవాళ్లలో సాధారణంగా ఎస్‌జీపీటీ కంటే ఎస్‌జీఓటీ అనే ఇంకో ఎంజైమ్ ఎక్కువగా, చాలాసార్లు రెట్టింపు ఉంటుందట. నాకు అది 130, ఎస్‌జీపీటీయే ఎక్కువ. కోవిడ్‌లో ఒంట్లో వాపు వల్ల, ఆక్సిజన్ తగ్గడం వల్ల, వాడే మందుల వల్ల కూడా ఇవి పెరుగుతాయని, చాలామందికి వాటంతటవే దిగుతాయని చెప్పారు. హెపటైటిస్ బి, సి పరీక్షలు నెగెటివ్. ఇంట్లో కాచుకుని తాగుతున్న తిప్పతీగ కషాయం ఆపమన్నారు. అంతకుముందు ఏడాది హెల్త్ చెకప్‌లో ఎస్‌జీపీటీ 28 ఉన్న కాగితం నా దగ్గరుంది, అదే నన్ను కాపాడింది. పాత రిపోర్టులు పారేయకండి. సమ్మరీ ప్రతి లైనూ చదివాకే ఆసుపత్రి గడప దాటండి.

నెల తర్వాత మళ్లీ చేయిస్తే 36. పక్క బెడ్ ఆయనది మా వీధే. ఆ రిపోర్టు, దిద్దిన సమ్మరీ రెండూ ఆయనకు వాట్సాప్‌లో పంపాను.