షిన్‌హ్వాలో ఒక బియ్యం బాకీ

తైవాన్‌లోని తైనాన్ వెళ్లినవాళ్లు కోటలూ గుళ్లూ చూసి తిరిగొచ్చేస్తారు. నేను స్టేషన్ దగ్గర గ్రీన్ లైన్ బస్సెక్కి షిన్‌హ్వాలో దిగాను, తైవాన్ రచయిత యాంగ్ క్వీ స్మారక భవనం కోసం. లోపల దాదాపు అంతా చైనీసే. ఫోన్ కెమెరాతో ఒక్కో బోర్డూ చదువుకునేసరికి ఛార్జింగ్ సగమైపోయింది, ఓపికా అంతే.

యాంగ్ క్వీ జపనీస్‌లో రాసిన ‘పేపర్ బాయ్’ కథ 1932లో తైవాన్ పత్రికలో సగమే వచ్చింది. మిగతా సగాన్ని అప్పట్లో తైవాన్‌ని ఏలుతున్న జపాన్ ప్రభుత్వం ఆపేసింది. మన ‘మాలపల్లి’ని తెల్లవాళ్లు నిషేధించలేదూ, అలాగే. అయితే ఈ కథ 1934లో ఏకంగా టోక్యోలోనే, ‘బుంగకు హ్యోరాన్’ అనే వామపక్ష పత్రికలో పూర్తిగా అచ్చయి రెండో బహుమతి కొట్టేసింది. మొదటి బహుమతి ఎవరికీ ఇవ్వలేదు. మరుసటి ఏడాది చైనా రచయిత హు ఫెంగ్ దాన్ని చైనీస్‌లోకి తెచ్చాడు. ఇంట్లో నోరు నొక్కినవాళ్ల రాజధానిలోనే ఆ నోటికి మైకు దొరికిందన్నమాట!

అక్కడి వాలంటీరు పెద్దావిడ నన్ను వదల్లేదు. యాంగ్ క్వీ 1935 చివర్లో మొదలెట్టిన ‘తైవాన్ కొత్త సాహిత్యం’ పత్రిక 1937లో మూతపడింది. చేతిలో పైసా లేదు. బియ్యం కొట్టువాడు బాకీకి కోర్టుకెక్కాడు. ఎంత బాకీ అంటే, ఆవిడ పది వేళ్లూ రెండుసార్లు చాచి చూపింది. ఇరవై యెన్లు. అప్పుడు వంద యెన్లు చేతిలో పెట్టినవాడు న్యూటా హరుహికో. జపాన్ పోలీసు! ‘పేపర్ బాయ్’ చదివి అభిమాని అయ్యాడట. ఆ డబ్బుతో బాకీ తీర్చి, నేల కౌలుకు తీసుకుని పూలతోట వేశాడు రచయిత. న్యూటాకి మాత్రం పోలీసు ఉద్యోగం పోయింది, తైవాన్ నుంచి వెళ్లగొట్టబోయారు, ఆత్మహత్య చేసుకున్నాడు. ఈ ముక్క చెప్పి ఆవిడ నాకు మంచినీళ్లు తెచ్చిచ్చింది.

అదే బస్సులో యూజింగ్ దాకా వెళ్లాను. 1915లో జపాన్ పాలన మీద అక్కడ లేచిన తిరుగుబాటును అణచడానికి ఫిరంగులు షిన్‌హ్వా మీదుగానే వెళ్లాయి. తలుపు సందులోంచి చూసిన పిల్లాడు యాంగ్ క్వీ. ఇప్పుడు యూజింగ్ మామిడికి పేరు. మామిడి ఐసు రెండొందల తైవాన్ డాలర్లు, మన లెక్కలో ఐదొందలు దాటింది. బాగుంది, కాదనను. కానీ ఆ డబ్బుకి నూజివీడులో రసాలు బుట్టెడు కొనుక్కోవచ్చు.