ఎలుక కొట్టిన నోట్లు మార్చుకోవడం: నా అనుభవం

రెండు ఐదొందల నోట్లు, ఒక రెండొందల నోటు ఎలుక కొట్టేసింది. మార్చుకుని ఇప్పుడే బ్యాంకు నుంచి వచ్చాను, ఒళ్లు మంట ఇంకా తగ్గలేదు.

వెళ్లేముందు గ్రాఫ్ పేపరు మీద నోట్లు పరిచి కొలుచుకున్నాను. ఐదొందల నోటు 15 సెంటీమీటర్ల పొడవు, 6.6 వెడల్పు, అంటే 99 చదరపు సెంటీమీటర్లు. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం యాభై, ఆపై నోట్లలో ఒకే ముక్కగా మిగిలింది 80 శాతం దాటితే పూర్తి విలువ, 40 నుంచి 80 దాకా సగం, 40 లోపు ఏమీ రాదు. ఇరవై, ఆ లోపు నోట్లకు సగం లెక్క లేదు. సగానికి మించి మిగిలితే మొత్తం ఇస్తారు, లేకపోతే లేదు.

మొదటి ఐదొందల నోటుకి ఎడమవైపు రెండు సెంటీమీటర్లు పోయింది. మిగిలింది 85 చదరపు సెంటీమీటర్ల పైనే. కౌంటర్లో ఆయన నోటు వైపు సరిగా చూడనైనా లేదు. "నంబరు పోయిందండీ, చెల్లదు. అయినా మీ అకౌంటు ఇక్కడ లేదుగా" అంటూ వెనక్కి నెట్టారు. "ఇలాంటివి మా నెత్తిన రుద్దడానికి వస్తారు" అని క్యూ అంతటికీ వినిపించేలా అన్నారు. దొంగనోటు తెచ్చినట్టు అందరూ నన్నే చూశారు.

ఆ రెండు మాటలూ తప్పే. నోట్లు మార్చడానికి ఆ బ్యాంకులో ఖాతా ఉండాలన్న నియమం లేదు. నంబరు నోటు మీద రెండు చోట్ల ఉంటుంది: పైన ఎడమవైపు, కింద కుడివైపు. ఎడమ నంబరులో ముందు అంకెలు, పక్కనున్న ఐదు ఉబ్బెత్తు గీతలు పోయాయి. కుడి నంబరు పూర్తిగా ఉంది. విలువ తేల్చేది మిగిలిన వైశాల్యం. "చెల్లదని రాసివ్వండి" అని అడిగాక మేనేజర్ గారు బయటికొచ్చారు. నోటు అటూ ఇటూ వంచితే అందులోని భద్రతా దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారింది, వెలుతురుకి పెడితే గాంధీ వాటర్‌మార్క్ కనిపించింది. కొలిచి ఐదొందలూ ఇచ్చారు. ఈ పని కౌంటర్లోనే నిమిషంలో అయ్యేది!

రెండో ఐదొందలు రెండు ముక్కలైంది, ఒకటి 58 చదరపు సెంటీమీటర్లు, ఇంకోటి 32. చాలామంది ముక్కలన్నీ అతికించి కలిపి లెక్కేస్తారు, అలా కుదరదు. పెద్ద ముక్కే లెక్క, కాబట్టి 250 వచ్చింది. రెండూ ఒకే నోటువై, చెరొకటి 40 శాతం ఉండుంటే పూర్తి విలువ వచ్చేది. రెండొందల నోటుకి సగం విలువ రావాలన్నా 39 చదరపు సెంటీమీటర్లు కావాలి, నాది 34. దానికేం రాలేదు.

రంగు టేపు అస్సలు అంటించకండి, దారం, వాటర్‌మార్క్ కనపడకుండా పోతాయి. ముక్కల్ని పారదర్శక కవర్లో పెట్టి తీసుకెళ్లండి. బయట కమీషన్‌కి మార్చేవాళ్ల దగ్గరికి పోకండి, కౌంటర్లో ఊరికే వచ్చే డబ్బుకి వాళ్లు కోత పెడతారు. నోటు మీద నినాదాలు, రాజకీయ రాతలు ఉంటే మాత్రం మార్చరు. బాగా కాలి బొగ్గైనవి, విడదీయలేనంతగా అతుక్కుపోయినవి మామూలు బ్రాంచిలో తీసుకోరు, రిజర్వ్ బ్యాంక్ ఇష్యూ ఆఫీసుకే (నోట్లు జారీ చేసే ఆఫీసు) వెళ్లాలి. వాటిని విడదీయబోతే పొడిపొడి అయిపోతాయి, ఉన్నవున్నట్టుగా డబ్బాలో పెట్టి పట్టుకెళ్లండి.