ఎక్సెల్‌లో నా మెనూ ఐదుసార్లు కనబడిన రోజు

"ఏంటండీ, మీ మెనూ పైన ఐదుసార్లు కనబడుతోంది, ఇందులో ఏది నొక్కమంటారు?" అని ఒక శుక్రవారం సాయంత్రం పక్క సెక్షన్ నుంచి ఫోన్. ఎక్సెల్ 2003 రోజుల సంగతి ఇది. రోజువారీ లెక్కలు సరిచూడటానికి నేను రాసిచ్చిన ఫైల్ అది, నాలుగు మాక్రోలు (ఎక్సెల్ లోపల వీబీఏ అనే భాషలో రాసే చిన్న ప్రోగ్రామ్‌లు), వాటిని పిలవడానికి హెల్ప్ పక్కన ఒక సొంత మెనూ. సోమవారం ఇచ్చినప్పుడు నా కాలర్ ఎగిరింది, శుక్రవారానికి దిగిపోయింది.

వెళ్లి చూస్తే నిజంగానే ఒకే పేరుతో ఐదు మెనూలు వరసగా నిలబడి ఉన్నాయి. వాళ్లు రోజూ ఫైల్‌ని ఆ రోజు తేదీ పేరుతో కాపీ చేసుకుని వాడుతున్నారు, అందులో తప్పేం లేదు, నేనే అలా వాడమన్నాను. ఏ కాపీ తెరిస్తే ఆ కాపీ తన మెనూ ఒకటి తగిలిస్తోంది, మూసేటప్పుడు మాత్రం ఎవరూ తియ్యట్లేదు, ఎందుకంటే తీసే కోడ్ నేను రాయలేదు. ఇంకా ఘోరం ఏంటంటే మొదటి మెనూ నొక్కితే సోమవారం ఫైల్ దానంతటదే తెరుచుకుని మాక్రో అక్కడ నడుస్తోంది, కాబట్టి శుక్రవారం మొత్తాలు సోమవారం ఫైల్‌లో పడ్డాయి. ఆ రాత్రి ఎనిమిదింటిదాకా కూర్చుని చేత్తో సరిచేశాం. టీలు నా ఖాతాలోనే.

మెనూ చేర్చే కోడ్ నిజానికి పది లైన్లు కూడా ఉండదు. కమాండ్‌బార్స్‌లో (ఎక్సెల్ మెనూలు, టూల్‌బార్లు అన్నీ ఉండే జాబితా) వర్క్‌షీట్ మెనూ బార్‌ని పట్టుకుని, దానికి ఒక పాపప్ (నొక్కితే కిందికి తెరుచుకునే మెనూ) చేర్చి, క్యాప్షన్ పెట్టి, దాని లోపల బటన్లు చేర్చి, ప్రతి బటన్ ఆన్‌యాక్షన్‌లో (నొక్కితే ఏం నడవాలో చెప్పే చోటు) మాక్రో పేరు రాస్తే అయిపోయింది. ఫేస్‌ఐడీకి (బటన్ మీది బొమ్మ సంఖ్య) 3 ఇస్తే సేవ్ బొమ్మ, 4 ఇస్తే ప్రింటర్ బొమ్మ వస్తాయి, నేను ఆ బొమ్మలు ఎంచుకోవడానికే ఒక పూట తగలేశాను. ఆ పూటలో పావు వంతు టెంపరరీ అనే ఆర్గ్యుమెంట్ (కోడ్‌కి మనం అందించే విలువ) మీద పెట్టి ఉంటే బాగుండేది. యాడ్ చేసేటప్పుడు టెంపరరీకి ట్రూ ఇవ్వకపోతే, ఎక్సెల్ మూసేటప్పుడు మీ మెనూని తన టూల్‌బార్ ఫైల్‌లో (చివర ఎక్స్‌ఎల్‌బీ అని ఉంటుంది) భద్రంగా దాచుకుంటుంది, ఏ ఫైల్‌లోని మాక్రో అన్నది దారితో సహా. మర్నాడు మళ్లీ బయటికి తీస్తుంది. మనం మళ్లీ ఇంకోటి చేరుస్తాం. ఐదు రోజులకి ఐదు.

టెంపరరీ ఒక్కటే చాలదు, అది ఎక్సెల్ పూర్తిగా మూసినప్పుడే పనిచేస్తుంది. అదే ఎక్సెల్‌లో ఫైల్ మూసి మళ్లీ తెరిస్తే రెండోది వచ్చి కూర్చుంటుంది. అందుకని చేర్చే ముందు పాతది ఉంటే తీసెయ్యాలి. లేనిదాన్ని తియ్యబోతే ఎర్రర్ వస్తుంది గనక ఆ ఒక్క లైన్‌కి ముందు ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ (ఎర్రర్ వచ్చినా ఆగకుండా తర్వాతి లైన్‌కి పొమ్మనేది) పెడతాం, ఆ లైన్ అవగానే ఆన్ ఎర్రర్ గోటు జీరో (దాన్ని రద్దు చేసేది) పెట్టడం మర్చిపోతాం, ఇక కింద ఎక్కడ ఏం విరిగినా చప్పుడు ఉండదు. నాకు ఒకసారి మూడు బటన్లలో ఒకటి కనబడకపోతే ఎందుకో తెలుసుకోవడానికి గంట పట్టింది, తీరా చూస్తే ప్రాపర్టీ పేరులో ఒక అక్షరం తప్పు.

సరే, మూసేటప్పుడు తీసెయ్యడం ఎక్కడ రాయాలి? అందరూ ముందు రాసేది వర్క్‌బుక్ బిఫోర్‌క్లోజ్‌లోనే (ఫైల్ మూసే ముందు దానంతటదే నడిచే కోడ్), నేనూ అక్కడే రాశాను. ఇక్కడ ఒక చిక్కుంది, నెమ్మదిగా చెప్తాను. మీరు మూసే గుర్తు నొక్కుతారు. బిఫోర్‌క్లోజ్ నడుస్తుంది, మెనూ పోతుంది. దాని తర్వాత ఎక్సెల్ "మార్పులు సేవ్ చెయ్యాలా?" అని అడుగుతుంది. అప్పుడు మీకు ఏదో గుర్తొచ్చి క్యాన్సిల్ నొక్కుతారు. ఫైల్ తెరిచే ఉంది, మెనూ మాత్రం లేదు. వాడేవాళ్ల దృష్టిలో అది మాయమైపోయింది, మళ్లీ ఫోన్. దీనికి కొంతమంది ఆ సేవ్ ప్రశ్నని తామే బిఫోర్‌క్లోజ్‌లో అడిగేలా రాస్తారు, అది నాకు నచ్చలేదు. నేను చేర్చడాన్ని యాక్టివేట్‌లో (ఫైల్ ముందుకొచ్చినప్పుడు నడిచేది), తీయడాన్ని డీయాక్టివేట్‌లో (ఫైల్ పక్కకి తప్పుకున్నప్పుడు నడిచేది) పెట్టేశాను. ఫైల్ నిజంగా మూతపడినప్పుడు డీయాక్టివేట్ ఎలాగూ నడుస్తుంది, క్యాన్సిల్ కొడితే నడవదు. పైగా వేరే ఫైల్‌లోకి వెళ్తే మెనూ కూడా తప్పుకుంటుంది, సంబంధం లేని షీట్ మీద ఎవరూ మన బటన్ నొక్కరు.

మెనూ బార్‌ని రీసెట్ చేస్తే పోలా అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. రీసెట్ మీ మెనూతో పాటు మిగతావాళ్ల యాడ్‌ఇన్‌లు (ఎక్సెల్‌కి అదనంగా తగిలించే ప్రోగ్రామ్‌లు) పెట్టుకున్నవి కూడా ఊడ్చేస్తుంది. మీ సామాన్లు మాత్రమే మీరు తీసుకెళ్లాలి, అందుకు ప్రతి బటన్‌కీ ట్యాగ్ (గుర్తు పేరు) ఒకటి తగిలించి ఆ ట్యాగ్‌తో వెతికి తియ్యడం మంచి అలవాటు.

2007లో రిబ్బన్ (పాత మెనూల చోట ట్యాబ్‌ల పట్టీ) వచ్చింది. పాత కోడ్ విరగలేదు గానీ మెనూ మాత్రం పై నుంచి దిగి యాడ్‌ఇన్స్ అనే ట్యాబ్‌లో ఒక మూలకి చేరింది, అక్కడికి ఎవరూ వెళ్లరు. సొంత ట్యాబ్ కావాలంటే మాక్రోతో కుదరదు, ఫైల్ లోపల ట్యాబ్ ఎలా ఉండాలో చెప్పే ఒక ఎక్స్‌ఎంఎల్ ముక్క పెట్టాలి (కొత్త ఎక్సెల్ ఫైల్ అసలు ఒక జిప్ మూట, విప్పి చూడండి). దీని సుఖం ఏంటంటే ట్యాబ్ ఫైల్‌తోనే వస్తుంది, ఫైల్‌తోనే పోతుంది, తీసే కోడ్ గొడవే లేదు. కష్టం ఏంటంటే రిబ్బన్ బటన్ పిలిచే మాక్రో ఐరిబ్బన్‌కంట్రోల్ అనే రకం ఆర్గ్యుమెంట్ (ఏ బటన్ నొక్కారో చెప్పేది) తీసుకోవాలి. పాత మాక్రోని అలాగే తగిలిస్తే ఆర్గ్యుమెంట్ల సంఖ్య తప్పని ఎర్రర్ వస్తుంది, ఆర్గ్యుమెంట్ చేరిస్తే ఆల్ట్ ఎఫ్8 నొక్కితే వచ్చే మాక్రోల జాబితాలోంచి మాయమవుతుంది. పాతదాన్ని ముట్టుకోకుండా, దాన్ని పిలిచే రెండు లైన్ల చిన్న ప్రొసీజర్ విడిగా రాసుకోవడమే తేలిక.

రైట్ క్లిక్ మెనూకి మాత్రం ఇప్పటికీ పాత కమాండ్‌బార్సే చక్కగా పనిచేస్తుంది, సెల్ అనే పేరున్న బార్‌కి చేర్చాలి. "నాకు కనబడట్లేదండీ" అని ఎవరైనా అంటే ముందు వాళ్ల డేటా టేబుల్‌గా మార్చి ఉందేమో చూడండి, టేబుల్ లోపల రైట్ క్లిక్ చేస్తే వచ్చేది వేరే బార్, దాని పేరు లిస్ట్ రేంజ్ పాపప్. అదీ కాకపోతే పేజ్ బ్రేక్ ప్రివ్యూలో ఉన్నారేమో, అక్కడ సెల్ అనే పేరుతోనే ఇంకో బార్ ఉంది. ఇది తెలిసినరోజు నేను కాసేపు గోడవైపు చూస్తూ కూర్చున్నాను.

మెనూ తెలుగులో పెడదామని చూసినవాళ్లకి ఒక మాట. వీబీఏ ఎడిటర్‌లో తెలుగు అతికిస్తే ప్రశ్నార్థకాలు వస్తాయి, ఎందుకంటే అది యూనికోడ్‌కి (అన్ని భాషల అక్షరాలకీ సంఖ్యలిచ్చే పద్ధతి) ముందు కాలం మనిషి, అది వాడుకునే రకం పాత కోడ్‌పేజీ (ఒక భాష అక్షరాల పట్టిక) విండోస్‌లో తెలుగుకి లేదు. సీహెచ్‌ఆర్‌డబ్ల్యూలో (సంఖ్యని అక్షరంగా మార్చే ఫంక్షన్) ఒక్కో అక్షరానికి సంఖ్య ఇవ్వొచ్చు, "అ"కి 3077, అలా "సరిచూడు" అని రాయడానికి ఏడు సంఖ్యలు కావాలి, ఓపిక ఉండాలి. నేను చేసేది వేరు. ఒక దాచిన షీట్‌లో మొదటి కాలంలో తెలుగు పేరు, రెండో కాలంలో మాక్రో పేరు, మూడో కాలంలో బొమ్మ సంఖ్య రాసుకుని, కోడ్ ఆ వరసలు చదువుకుంటూ బటన్లు కట్టేస్తుంది. పేరు మార్చాలంటే కోడ్ తెరవక్కర్లేదు. కాకపోతే అదే తెలుగుని మెసేజ్ బాక్స్‌లో చూపించబోతే మళ్లీ ప్రశ్నార్థకాలే.

గూగుల్ షీట్స్‌కి వస్తే ఈ బాధల్లో సగం లేవు. ఫైల్ తెరవగానే నడిచే ఆన్‌ఓపెన్ అనే ఫంక్షన్‌లో క్రియేట్‌మెనూ, కింద యాడ్‌ఐటమ్‌లు, చివర యాడ్‌టుయూఐ. తెలుగు నేరుగా రాసుకోవచ్చు, మెనూ ఫైల్‌తోనే పోతుంది. అయితే ఫంక్షన్ పేరు కోట్స్‌లో రాస్తాం గనక అక్షరం తప్పు పోయినా మెనూ బాగానే కనబడుతుంది, నొక్కినప్పుడే బండారం బయటపడుతుంది. ఫోన్ యాప్‌లో ఈ మెనూలు అసలు రావు, చూడటానికి మాత్రమే అనుమతి ఉన్నవాళ్లకి ఆన్‌ఓపెన్ నడవదు. ఆన్‌ఓపెన్‌లో అనుమతి అడిగే పనులేవీ పెట్టకండి, అక్కడ మెనూ కట్టి ఊరుకోండి.

ఇంకోటి, ఎక్సెల్‌లో షీట్‌ని మార్చే మాక్రో నడిస్తే అన్‌డూ జాబితా ఖాళీ అయిపోతుంది. చేత్తో వరస తీసేస్తే కంట్రోల్ జెడ్ ఉంది, మీ మెనూలోంచి తీసేస్తే లేదు. అందుకే తుడిచేసే పని ఉన్న ప్రతి బటన్ ముందు "ఖచ్చితమా?" అని అడిగిస్తాను, ఎవరు విసుక్కున్నా సరే. ఆ ప్రశ్న మాత్రం ఇంగ్లిష్‌లోనే అడుగుతుంది పాపం, కారణం పైన చెప్పాను. ఆ శుక్రవారం తర్వాత ఇంకో అలవాటు కూడా పడింది, నేను కట్టే ప్రతి మెనూలో అడుగున ఒక గీత, దాని కింద "ఈ మెనూ తీసెయ్" అనే బటన్. ఇప్పటిదాకా దాన్ని నొక్కింది నేనొక్కడినే.