నోరు లేని పోస్టర్

భావప్రకటనా స్వేచ్ఛ మీద పోస్టర్ అనగానే అందరికీ ముందు నోరే గుర్తొస్తుంది. నోటికి ప్లాస్టర్, పెదవులకు కుట్లు, కాదంటే విరిగిన పెన్సిల్, పంజరంలోంచి ఎగిరే పిట్ట. డిసెంబర్ 10, మానవ హక్కుల దినోత్సవానికి పోస్టర్ చేసిపెట్టమన్న మిత్రులదీ అదే మాట: "ప్లాస్టర్ వేసిన మొహం పెట్టేయండి, చూడగానే అర్థమైపోతుంది." నిజమే, అర్థమైపోతుంది. అందుకే ఎవరూ ఆగి చూడరు.

బొమ్మ సంగతి తర్వాత చూద్దామని అసలు పాఠం తీశాను. 1948 డిసెంబర్ 10న పారిస్‌లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మానవ హక్కుల ప్రకటనలో 30 ఆర్టికల్స్ ఉన్నాయి. మనకు కావాల్సింది 19వది. ఎవరి జోక్యమూ లేకుండా అభిప్రాయాలు కలిగి ఉండొచ్చంటూనే, సమాచారాన్నీ ఆలోచనల్నీ వెతుక్కోవడం, అందుకోవడం, పంచుకోవడం అని మూడు పనులు చెబుతుంది. ఏ మాధ్యమంలోనైనా సరే, దేశాల సరిహద్దులతో పనిలేకుండా.

వెతుక్కోవడం, అందుకోవడం చదివేవాళ్ల పనులు, వినేవాళ్ల పనులు. మన పోస్టర్లేమో ఒకరి నోరు నొక్కితే ఆ ఒక్కరికే నష్టమన్నట్టు ఉంటాయి. ఆ మాట చేరాల్సిన వేలమంది ఊసే ఉండదు. ఎన్నడూ ఒక వ్యాసం రాయని, ఏ సభలోనూ మైకు పట్టని మనిషి దాన్ని చూసి "ఇది నా గొడవ కాదులే" అనుకుంటే తప్పేముంది?

నష్టం చదివేవాళ్లకే కనబడేలా చేసే కిటుకును పత్రికలవాళ్లు ఎప్పుడో పట్టుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రెంచ్ పత్రికల్లో సెన్సార్ తీసేసిన చోట తెల్ల ఖాళీలు అలాగే ఉండేవి. 2019 అక్టోబర్ 21న ఆస్ట్రేలియాలో, రోజూ ఒకదానితో ఒకటి పోటీపడే పెద్ద పత్రికలు కూడబలుక్కుని మొదటి పేజీలో వాక్యాల మీద నల్లరంగు పూసి అచ్చువేశాయి. తెలుసుకునే హక్కు మీదేనని పాఠకులకు చెప్పడమే ఆ ప్రచారం ఉద్దేశం.

మరి నలుపా, తెలుపా? నల్లపట్టీ చూడ్డానికి బాగుంటుంది గానీ ఇప్పుడది టీషర్టుల మీద కూడా ఫ్యాషనైపోయింది. పైగా ఏ2 లాంటి పెద్ద సైజులో అంత నలుపు అచ్చులో తలనొప్పి. ఒక్క నల్ల ఇంకుతో వేస్తే వెలిసినట్టుంటుంది. సయాన్ అనే నీలి ఇంకు కలిపితే చిక్కబడుతుంది, కానీ ఆరడానికి టైం పడుతుంది. ఆరకముందే దొంతర పెడితే పై షీటు వెనక మరకలు. తెలుపైతే దారినపోయేవాళ్లు "ఇక్కడ అచ్చు పడలేదేంటి?" అని దగ్గరికొస్తారు. నాకు కావాల్సిందీ అదే.

అలా తేలింది డిజైన్: షీటు నిండా వార్తాపత్రిక కాలమ్స్, నడుమ పెద్ద ఖాళీ, రెండు అంచుల్లో పేపరు పట్టుకున్న బొటనవేళ్లు. మొహం లేదు. ఖాళీ కింద "మీరు చదవాల్సిన" అని ఒక వరుస, దాని కింద "వార్త ఇది".

ఆ రెండు వరుసలే నన్ను బాగా సతాయించాయి. సాఫ్ట్‌వేర్‌లో దక్షిణాసియా లిపుల సెట్టింగ్ పెట్టకపోతే ఒత్తు కిందకు దిగదు, పొల్లు ఒకచోట, 'సి' ఇంకోచోట పడతాయి. అది కుదిరాక, 'ల్సి' కింద వేలాడే ఒత్తు పోయి కింది వరుసలో 'వా' దీర్ఘాన్ని పొడిచింది. వరుసల మధ్య ఇంగ్లీషుకు సరిపోయే ఎడం తెలుగుకు ఎప్పుడూ ఇరుకే. ఎడం పెంచితే రెండు వేరే వాక్యాల్లా విడిపోయాయి. చివరికి రెండో వరుసను కాస్త కుడికి జరిపితే ఒత్తుకు చోటు దొరికింది.

ఒకాయన అడుగున "హద్దుల్లేని హక్కు" అని వేద్దామన్నారు. ఒప్పుకోలేదు. 1966 నాటి ఐక్యరాజ్యసమితి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలోనే ఇతరుల పరువు, దేశభద్రత, ప్రజారోగ్యం లాంటివాటి కోసం పరిమితులు పెట్టొచ్చని ఉంది. కాకపోతే అవి చట్టంలో ఉండాలి, నిజంగా అవసరమై ఉండాలి. ఇది తెలిసినవాళ్లు ఆ నినాదం చూస్తే పోస్టర్ మొత్తాన్నీ కొట్టిపారేస్తారు.

లోగోలు ఎక్కడ పెట్టాలన్న పంచాయితీ మాత్రం ఇంకా తెగలేదు. "మధ్యలో అంత ఖాళీ ఉంది కదండీ, అక్కడ పెట్టేద్దాం" అంటున్నారు.