అమ్మేదాకా మెరిసే లైట్లు

షార్జాలో పాత కార్ల బజారు పేరు సౌక్ అల్ హరాజ్. అక్కడికి బండి కొనడానికి వచ్చే మనోళ్లు బానెట్ ఎత్తకముందే మొహం చూస్తారు. హెడ్‌లైట్లు తెల్లగా ఉంటే బండి పెద్దగా తిరగలేదని నమ్మకం. అమ్మేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే బండి మా యార్డులోకి రాగానే ముదీర్, అంటే మా మేనేజర్, నాకు అప్పజెప్పే మొదటి పని లైట్లే.

ఒకప్పుడు వీటికి గాజు ఉండేది. ఇప్పుడంతా పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. తేలిక, రాయి తగిలినా అంత సులువుగా పగలదు, కానీ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఆగదు. అందుకే కంపెనీలోనే పైన ఒక సన్నని కోటింగ్ వేస్తారు. ఆ కోటింగ్ పోయిన రోజు నుంచి పసుపు మొదలు. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు మనుషులతో ఎండలో పని చేయించకూడదని రూల్ ఉంది. బండ్లకు ఆ రూల్ లేదు పాపం. పైగా ఇసుక గాలి వచ్చినప్పుడల్లా లైట్ల మీద సన్నని గీతలు పడతాయి.

మనోళ్లుండే రూముల్లో అందరూ చెప్పే చిట్కా టూత్‌పేస్ట్. పని చేస్తుంది, అబద్ధం కాదు. తెల్ల పేస్ట్‌లో సన్నటి రాపిడి పొడి ఉంటుంది, తడి గుడ్డతో గట్టిగా రుద్దితే పైపొర అరుగుతుంది. జెల్ పేస్ట్ అంతగా పనికిరాదు. వంటసోడాలో వెనిగర్ పోస్తే బుసబుసా పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది, కానీ మురికి తీసేది సోడా రాపిడే. కిరసనాయిల్ లాంటి నూనెలు తుడిస్తే గీతల్లో చేరి కాసేపు మెరుస్తాయి, కడిగితే మళ్లీ మామూలే. అన్నిటికన్నా చెడ్డది దోమలు కుట్టకుండా ఒంటికి కొట్టుకునే స్ప్రే. అందులోని డీట్ అనే రసాయనం ప్లాస్టిక్ పైపొరనే కరిగిస్తుంది కాబట్టి నిమిషంలో అద్దంలా కనిపిస్తుంది. తర్వాత బంక పడుతుంది, సన్న పగుళ్లు వస్తాయి, చుక్క పెయింట్ మీద పడితే అదీ పోతుంది. అమ్మకానికి తొందరపడేవాళ్లు దీన్నే వాడమంటారు. బండి గేటు దాటాక వాళ్లకేం?

సొంత బండి అయితే వాటర్ పేపర్, అంటే నీళ్లతో రుద్దే గరుకు కాగితం, పట్టాల్సిందే. చుట్టూ పెయింట్‌కి మాస్కింగ్ టేప్ వేసి, నీళ్లు పోస్తూ ముందు 1000 నంబర్, తర్వాత 2000, చివర 3000. మొదట పసుపు నీళ్లు కారతాయి. తెల్ల నీళ్లు వచ్చేదాకా మొదటి పేపర్ వదలకూడదు. ఆ టైమ్‌లో లైటు పూర్తిగా పాలలా తెల్లబడుతుంది, కొత్తవాళ్లు చూసి టెన్షన్ పడతారు. కాంపౌండ్ అనే మెరుగు పేస్ట్ వేసి బఫ్ చేస్తే తేటపడుతుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ రుద్దినప్పుడు మిగిలిన కాస్త కోటింగ్ కూడా పోయింది కదా! అలాగే వదిలేస్తే ఈ ఎండలకు కొన్ని వారాల్లోనే మళ్లీ మసకబారుతుంది. స్పిరిట్‌తో తుడిచి, ఆరాక ఆ అతినీలలోహిత కిరణాలను ఆపే యూవీ క్లియర్ కోట్ కొట్టాలి. మా పెయింటర్ పఠాన్ భాయ్ బంపర్‌కి కలిపిన టూ-కే క్లియర్ (గట్టిపడే మందు కలిపి కొట్టే రంగులేని పూత) మిగిలితే మాకు పెడతాడు. దాని ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు, సరైన మాస్క్ లేకుండా ముట్టుకోవద్దు. అది దొరకనివాళ్లు నెలకోసారి మైనం పాలిష్ అయినా పట్టించాలి. అంత గట్టిది కాదు, అయినా ఏమీ లేనిదానికన్నా నయం.

మొన్న కోరుట్ల పిల్లగాడొకడు వచ్చిండు. "అన్నా, లైట్లు కొత్తగ మెరుస్తున్నయ్, తీస్కోవచ్చా?"

"లైట్లు జూసి బండి కొంటవా తమ్మీ? వేలు పెట్టి రుద్ది సూడు, బంకగ తగుల్తే వద్దు. లోపల చెమ్మ ఉన్నదా సూడు, అది పైనుంచి ఎంత రుద్దినా పోదు."

ముదీర్‌కి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది. ఆ పిల్లగాడు రుద్ది చూశాడు, పక్క బండి దగ్గరికి పోయాడు. దాని లైట్లు పసుపు రంగులో ఉన్నాయి గానీ లోపల పొడిగానే ఉంది. వాడేమో చలికాలం తెల్లారుజామున ఎమిరేట్స్ రోడ్డు మీద పొగమంచులో లారీల మధ్య డ్యూటీకి పోవాల్సినవాడు. ఆ పసుపు లైట్లతో వద్దని చెప్పి, శుక్రవారం వాటర్ పేపర్లు తెచ్చుకుని రమ్మన్నాను.